మోకాలని చెప్పిన మాట

"ఇది చూడు. చూసి, ఇంకా జావ తాగించమంటావో వద్దంటావో చెప్పు" అంటూ జీవరత్నం బేసిను తెచ్చి తెరేసమ్మ ముందు పెట్టింది.

తెరేసమ్మ చూసింది. నిన్నటిదాకా పసుపుపచ్చగా ఉన్న వాంతి ఈ పూట ముదురాకుపచ్చగా ఉంది. వాసన కూడా వాంతి వాసనలా లేదు. ఆమె బేసిను తీసుకుని దొడ్లోకి వెళ్ళి, బూడిద చల్లి కడిగి, తెచ్చి అత్తగారి మంచం కింద పెట్టింది.

మంచం మీద సువార్తమ్మ కుడికాలు మడిచి, మోకాలు పొట్టకి ఆనించుకుని పడుకుని ఉంది. మూడు రోజులుగా అదే పడక. ఆ కాలు చాపమంటే చాపదు. పొట్ట ఉబ్బి చర్మం బిగుసుకుపోయింది. మిగిలిన మనిషంతా ఎముకలే. ఎనిమిది మందిని కని, ఇద్దర్ని దక్కించుకున్న మనిషి. ఆ ఇద్దరిలో పెద్దది జీవరత్నం, చిన్నవాడు లాజరు.

జీవరత్నం తెల్లవారి మొదటి బస్సుకే హనుమాన్ జంక్షన్ నించి వచ్చింది. అక్కడ ఆమె, ఆమె భర్త లారీల వాళ్ళకి భోజనం హోటలు నడుపుతారు. రోజూ వందమందికి వండి వడ్డించే మనిషి కావడాన ఎవరు తిన్నారో ఎవరు తినలేదో ముఖం చూసి చెప్పేస్తానంటుంది.

"మా అమ్మ చెయ్యి చూడు. నా రెండు వేళ్ళల్లో ఇమిడిపోయింది. ఏం పెడుతున్నావు తెరేసా ఈవిడకి?"

తాను పెడుతూనే ఉన్నానని, రెండు నెలలుగా అత్తయ్యే రాత్రిపూట వద్దంటున్నారని, ఉపవాస ప్రార్థన అన్నారని తెరేసమ్మ తలొంచుకుని చెప్పింది.

"రెండు నెలల ఉపవాసమా? మా సంఘంలో శుక్రవారం ఒక్కపూటే ఉంటారు. మీ గుణదల వాళ్ళ తపస్సు కాలం నలభై రోజుల ఉపవాసం ఈవిడ చేత కూడా చేయిస్తున్నావా?"

లూథరన్ల ఇంటికి కేథలిక్కుల పిల్ల కోడలుగా వచ్చి పదకొండేళ్ళయినా ఈ 'మీ', 'మా' పోలేదు. సువార్తమ్మ మాత్రం ఎన్నడూ ఆ మాట అనలేదు. కొడుకు కాపురం గుణదలలో పెడితే తన బైబిలు తాను తెచ్చుకుని, కోడలి మరియమాత పటం పక్కనే అలమరలో పెట్టుకుంది.

ఉపవాసం కాదని తెరేసమ్మకి లోపల ఎక్కడో తెలుసు. తింటే నొప్పి వస్తోందని ముసలామె తినడం మానేసింది. ఆ సంగతి అడిగితే ఆ నొప్పి ఎక్కడ అన్నది మళ్ళీ మాట్లాడుకోవాలి. అందుకని అడగలేదు. ఉపవాసమనే అనుకుంది.

అంతలో లాజరు సైకిలు షాపు కట్టేసి వచ్చాడు. వెనకాల నవాబ్ రిక్షా ఉంది. చేతుల గ్రీజు అయినా కడుక్కోలేదు.

ఎక్కడికి తీసుకెళ్ళాలన్న దగ్గర మళ్ళీ మాట పెరిగింది. ఇన్నాళ్ళూ చూపించిన డాక్టరుగారి దగ్గరికే వెళదామని తెరేసమ్మ అంది. ఆయన పన్నెండు ఇంజెక్షన్లు ఇచ్చి చేసిందేమిటని జీవరత్నం అడిగింది. గవర్నరుపేటలో ఆపరేషన్లు చేసే డాక్టరు రామకోటేశ్వరరావుగారి నర్సింగ్ హోముకే వెళుతున్నామని లాజరు తేల్చేశాడు.

"ఆ పాత చీటీ తీసుకో. ముందు ఏం మందులు వాడారో అడుగుతారు" అన్నాడు భార్యతో.

చీటీ తెరేసమ్మ జపపుస్తకంలో ఉంది. పైన ఇంగ్లీషులో డాక్టరు రాత. కింద కాంపౌండరు తెలుగులో రాశాడు: 'కుడి మోకాలు నొప్పి. వాతం.'

ఆమె దాన్ని జాకెట్టులో పెట్టుకుంది.

*

గుణదల రైల్వే గేటు వేసి ఉంది.

"ఈ గేటువాడికి నా రిక్షా కనబడితే చాలు, చెయ్యి దురద పెడుతుంది" అన్నాడు నవాబ్. ఎవరూ నవ్వలేదు. గూడ్సు బండి వస్తుందో రాదో తెలియదు. లాజరు సైకిలు మీదే ఒక కాలు కిందపెట్టి రిక్షా పక్కన నిలబడ్డాడు. జీవరత్నం వెనక బస్సులో వస్తానంది.

తెరేసమ్మ ఒళ్ళో అత్తగారి తల. ఎండ తగలకుండా కొంగు కప్పింది. ముసలామె కళ్ళు తెరిచి, లాజరుకి వినబడకుండా అడిగింది.

"ఈ డాక్టరుగారికి ఏం చెబుతావు అమ్మాయీ?"

తెరేసమ్మ జారిన కొంగు సర్దింది. ముసలామె కళ్ళు మూసుకుంది.

క్రిస్మస్ వెళ్ళిన నాలుగో రోజున, దొడ్లో నీళ్ళు పోస్తుంటే సువార్తమ్మ కోడలి చెయ్యి పట్టుకుని చూపించింది. "ఇక్కడ మొదలవుతుంది" అని కుడి తొడ లోపలి వైపు, పైన చూపించింది. "ఇక్కణ్ణించి మోకాలిదాకా లోపల్లోపల లాక్కొస్తుంది. కాలు చాపితే ప్రాణం పోతుంది, మడిస్తే సర్దుకుంటుంది. డాక్టరుగారికి నువ్వు చెప్పమ్మా. నాకు నోరు రాదు. నువ్వు ఎనిమిది చదువుకున్నావు."

చెబుతానంది. ఆ డాక్టరుగారి గదికి తలుపు లేదు, గుడ్డ తెర ఉంది. తెర ఇవతల బల్ల మీద ఇరవై మంది. తెర దగ్గర కాంపౌండరు. అతను లాజరు షాపులోనే సైకిలు బాగుచేయించుకుంటాడు. డాక్టరుగారు వీధికి వినబడేంత గొంతుతో ఎక్కడమ్మా నొప్పి అని అడిగారు.

"కాలండీ" అంది తెరేసమ్మ.

"కాలంటే? పాదమా, పిక్కా, ఎక్కడ?"

ఆ తరవాతి మాట తెరేసమ్మ నోటిదాకా వచ్చింది. బల్ల మీద ఎవరో దగ్గారు. తెర కదిలింది. "మోకాలండీ" అంది.

సువార్తమ్మ ఒకసారి కోడలి ముఖంలోకి చూసింది. తరవాత తల దించుకుంది. చదువుకున్నవాళ్ళు ఈ నొప్పిని అట్లాగే చెబుతారు కాబోలు అనుకుందో ఏమో, ఆ రోజు మోకాలికి వేసిన ఇంజెక్షనుకి కాలు చాపి మరీ ఇచ్చింది. చాపినప్పుడు పెదవి కొరుక్కుంది. తరవాత పదకొండు సార్లు అట్లాగే ఇచ్చింది.

గూడ్సు వెళ్ళింది. గేటు లేచింది. పట్టాల మీద రిక్షా ఎగిరినప్పుడు ముసలామె అరవలేదు. కోడలి చీర కుచ్చెళ్ళు మాత్రం గట్టిగా పట్టుకుంది.

*

రామకోటేశ్వరరావుగారు యాభై దాటిన మనిషి, మెల్లగా మాట్లాడతారు. పొట్ట మీద చెయ్యి వేసి చాలాసేపు చూశారు. బొడ్డు దగ్గర, గజ్జల్లో గడ్డలాంటిదేమైనా ఉందేమో వెతికారు. ఏమీ లేదు. ఎక్స్‌రే తీయించారు. లాజరుని, తెరేసమ్మని, అప్పుడే వచ్చిన జీవరత్నాన్ని వరండాలోకి పిలిచి చెప్పారు.

పేగు ఎక్కడో మూసుకుపోయింది. పొట్ట తెరవక తప్పదు. ఎక్కడ మూసుకుందో పైనించి తెలియడం లేదు. ఇరవై అడుగుల పేగు చెయ్యి పెట్టి వెతుక్కుంటూ పోవాలి. ఈ నీరసంలో మామ్మగారు ఎక్కువసేపు మత్తుకి తట్టుకోలేరు. ఆయన ఏదీ దాచలేదు.

"ఇంతకుముందు ఏమైనా జబ్బు ఉందా అండి?"

"ఏం లేదండి. వయసుకి మోకాలు నొప్పి" అన్నాడు లాజరు. భార్య వైపు చెయ్యి చాపాడు. తెరేసమ్మ జాకెట్టులోంచి చీటీ తీసి ఇచ్చింది. డాక్టరు గారు దాన్ని చదివి, మడిచి, పక్కనున్న బల్ల మీద పెట్టేశారు. మోకాలితో ఆయనకి పనిలేదు.

లాజరు కాగితం మీద సంతకం పెట్టాడు. అక్షరాలు వంకరపోయాయి.

బట్టలు మార్చడానికి ఆడమనిషి ఒకరు లోపలికి రండి అని నర్సు అమలమ్మ పిలిచింది. జీవరత్నం లేవబోతే అమలమ్మ, ఇంట్లో రోజూ చేసేది ఎవరో వాళ్ళు రండి అంది. తెరేసమ్మ వెళ్ళింది.

చీర విప్పారు. ఆస్పత్రి తెల్లబట్ట చుట్టారు. బల్ల మీద సరిగ్గా పడుకోబెట్టాలని అమలమ్మ కుడికాలు చాపబోయింది. సువార్తమ్మ కేక పెట్టింది. మూడు రోజుల్లో అదే మొదటి కేక.

"ఈ మోకాలేనా?" అంది అమలమ్మ.

ఆ గదికి తలుపు ఉంది. మగవాళ్ళు లేరు. అయినా తెరేసమ్మ ఒకసారి తలుపు వైపు చూసింది.

"మోకాలు కాదండి."

"మరి?"

"తొడండి. లోపలివైపు. పైన మొదలై మోకాలిదాకా దిగుతుంది. మడిస్తే తగ్గుతుంది, చాపితే ఎక్కువవుతుంది. క్రిస్మస్ నించి."

అమలమ్మ చేతిలో దూది ఆగిపోయింది. "ఈ సంగతి ఎవరితోనైనా అన్నావా?"

"లేదండి."

"తొడ అనడానికి మూడు నెలలు పట్టిందా తల్లీ?" అంది. తిట్టినట్టు అనలేదు. నిజంగా తెలియక అడిగినట్టు అడిగింది. అందుకే ఆ మాట తెరేసమ్మకి ఎక్కువ తగిలింది.

అమలమ్మ బయటికి వెళ్ళి డాక్టరు గారిని పిలుచుకొచ్చింది. ఆయన చేతులు కడుక్కుని, సబ్బు నురగ ఇంకా మోచేతుల మీద ఉండగానే వచ్చారు.

"నాకు మళ్ళీ చెప్పమ్మా. నర్సుకి చెప్పినట్టే."

తెరేసమ్మ గోడవైపు చూస్తూ మళ్ళీ చెప్పింది. ఆయన నెమ్మదిగా ముసలామె కుడికాలు పట్టుకుని, కొద్దిగా చాపి, మోకాలిని లోపలికి తిప్పారు. ఆమె ఒళ్ళంతా వంకర తిరిగింది. ఆయన వెంటనే వదిలేసి, తల మీద చెయ్యి పెట్టి "అయిపోయింది మామ్మగారూ, ఇంక ముట్టుకోను" అన్నారు.

"ఇరవైరెండేళ్ళ సర్వీసులో ఇట్లాంటిది ఒక్కటే చూశాను. అది కూడా పొట్ట కోసి, గంటసేపు వెతికాక" అని అమలమ్మతో అన్నారు.

*

వరండాలో బల్ల మీద జీవరత్నం పక్కన చోటు చూపించింది. తెరేసమ్మ కూర్చుంది.

లోపల తలుపు మూసి ఉంది. లాజరు మెట్ల మీద కూర్చుని గోటి సందులో గ్రీజు పుల్లతో తీసుకుంటున్నాడు. కొంతసేపటికి జీవరత్నం సంచీలోంచి మజ్జిగ సీసా తీసింది.

"పొద్దున్నించి ఏమన్నా తిన్నావా? తాగు. నువ్వు కూడా పడితే మీ ఇద్దర్నీ నేను చూడలేను" అంది.

ఆ మంచితనానికి తెరేసమ్మ సిద్ధంగా లేదు. ఒక్క గుక్క తాగి సీసా బల్ల మీద పెట్టేసింది. తరవాత జీవరత్నం కళ్ళు మూసుకుని, పైకే ప్రార్థన చేసింది. తల్లి ప్రాణం అడిగింది. డాక్టరు చేతులు కాయమంది. చివర్న, పొద్దున మరదల్ని తొందరపడి ఒక మాట అన్నానని, అది క్షమించమని కూడా అంది.

తెరేసమ్మ కొంగులో జపమాల పట్టుకుంది. పూస కదపలేకపోయింది. శనివారం శనివారం గుడికి వెళ్ళి, చెక్క జల్లెడ కిటికీ అవతల ఉన్న గురువుగారి చెవిలో తన తప్పులు చెప్పుకుని పాపసంకీర్తనం చేస్తూనే ఉంది. పాలవాడితో పోట్లాడింది చెప్పింది. ఆదివారం పూజకి ఆలస్యమైంది చెప్పింది. మోకాలన్న మాట ఒక్కసారీ చెప్పలేదు. అది పాపమని తోచలేదు. మర్యాద అనుకుంది.

గంటా పావు తరవాత తలుపు తెరుచుకుంది. ముగ్గురూ లేచి నిలబడ్డారు.

"ప్రాణం ఉంది" అన్నారు రామకోటేశ్వరరావుగారు, వాళ్ళు అడిగేలోపే. తరవాత బల్ల మీద కూలబడి, ఎక్స్‌రే కవరు వెనక పెన్సిలుతో బొమ్మ గీశారు.

నడుం కింద ఉండే ఎముకకి ముందువైపు, కుడి ఎడమలకి చెరొక కిటికీ ఉంటుంది. ఆ కిటికీకి గట్టి పొర ఒకటి తెర కట్టినట్టు మూసి ఉంటుంది. పొర పై అంచున వేలు పట్టేంత దారి. ఒక నరం ఆ దారినే తొడలోకి దిగుతుంది. ఒంటి మీద కండ ఉన్నవాళ్ళకి ఆ దారి చుట్టూ కొవ్వు పట్టి బిగువుగా ఉంటుంది. ఎక్కువ కాన్పులై, పెద్దవయసులో చిక్కిపోయిన ఆడవాళ్ళకి కొవ్వు కరిగి దారి ఖాళీ అవుతుంది. పేగు అందులోకి జారుతుంది. కొన్నాళ్ళు తనంతట తానే వెనక్కి వస్తుంది, మళ్ళీ జారుతుంది. జారినప్పుడల్లా ఆ నరాన్ని నొక్కుతుంది. నొప్పి పొట్టలో కాకుండా తొడలో తెలుస్తుంది. పైన మందంగా కండ ఉంటుంది కాబట్టి గడ్డ బయటికి కనబడదు. ఈసారి పేగు ఇరుక్కుపోయి వెనక్కి రాలేదు.

లాజరు బొమ్మ వైపు చాలాసేపు చూశాడు. "టైరు కోసుకుపోయినచోట ట్యూబు బుడగలా బయటికొస్తుందండి. అట్లాగా?"

"సరిగ్గా అట్లాగే."

"మేమైతే లోపలివైపు పాత టైరు ముక్క వేస్తామండి. గేటరు అంటాం. అట్లా ఏమన్నా వేశారా?"

డాక్టరు గారు అలసటలోనే నవ్వారు. "వేశానయ్యా. బయటినించి తెచ్చింది కాదు. గర్భసంచికి పక్కన సన్నటి పొర మడత ఒకటి ఉంటుంది. దాన్నే లాగి కన్నం మీద పరిచి కుట్టాను. మీ అమ్మగారి ఒంట్లోదే."

లాజరు తల దించుకున్నాడు. తల్లి గర్భసంచి మాట ఒక మగవాడి నోట, ఇంత మంది తిరిగే వరండాలో విన్నాడు. జీవరత్నం కళ్ళు తుడుచుకుంది.

పేగు బయటికి తీసేసరికి నల్లగా ఉందని, గోరువెచ్చటి ఉప్పునీళ్ళ గుడ్డ చుట్టి పది నిమిషాలు చూస్తే రంగు తిరిగిందని, అందుకే కోయలేదని ఆయన చెప్పారు. ఒక్కచోట మాత్రం, పావలా కాసంత మేర, అనుమానంగా ఉంది. అది నిలబడితే నిలబడినట్టు. మూడు రోజులు గడవాలి. జ్వరం వచ్చినా, పొట్టలో కొత్తగా నొప్పి అన్నా వెంటనే తనకి తెలియాలి.

లేచి వెళ్ళబోతూ లాజరు భుజం మీద చెయ్యి వేశారు.

"మీ ఇంటావిడ చెప్పబట్టి సరిపోయింది. లేకపోతే వెతుకుతూ ఇంకో గంట మత్తులో ఉంచేవాణ్ణి. ఆవిడ తట్టుకునేది కాదు."

"ఏం చెప్పిందండీ?" అన్నాడు లాజరు.

"అదే, తొడనొప్పి సంగతి. క్రిస్మస్ నించీ ఉందట కదా."

ఆయన వెళ్ళిపోయారు. ఆయన మెచ్చుకునే వెళ్ళారు.

వరండాలో ముగ్గురూ మిగిలారు. జీవరత్నం బల్ల మీదున్న పాత చీటీ అందుకుని, కూడబలుక్కుంటూ చదివింది.

"కుడి... మోకాలు... నొప్పి." తలెత్తింది. "క్రిస్మస్ నించి నీకు తెలుసా తెరేసా?"

తెరేసమ్మ తల ఊపింది.

"మరి ఈ మోకాలు ఎవరు రాయించారు?"

జీవరత్నం రెండోసారి అడగలేదు. మజ్జిగ సీసాకి మూత పెట్టి, సంచీలో పెట్టేసుకుని, బల్ల ఆ చివరికి జరిగి కూర్చుంది.

లాజరు గొంతు పెంచలేదు. పెంచినా బాగుండేది. "గేటు దగ్గర పావుగంట నీ పక్కనే నిలబడ్డాను" అన్నాడు. "ఆ పావుగంటలోనైనా నాతో అని ఉండొచ్చు." అని మెట్లు దిగి, సైకిలు ఎక్కకుండా నడిపించుకుంటూ వెళ్ళిపోయాడు.

*

మర్నాడు పొద్దున ఎనిమిదింటికి సువార్తమ్మకి బాగా తెలివి వచ్చింది. ఆడవాళ్ళ వార్డులో ఆరు మంచాలు. అన్నీ నిండి ఉన్నాయి. ఆమె ముక్కులో గొట్టం, చేతికి సెలైను.

లాజరు టిఫిను కారియరుతో వచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు. మంచానికి ఒక పక్క జీవరత్నం, కాళ్ళవైపు తెరేసమ్మ. రాత్రంతా ఇద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడలేదు. మాట్లాడకుండానే తడిగుడ్డ అందించుకున్నారు.

జీవరత్నం తల్లి నుదురు నిమిరి, ఆగలేక అడిగేసింది. "అమ్మా, నీకు నొప్పి తొడలోనైతే మోకాలికి అన్ని సూదులు ఎందుకు పొడిపించుకున్నావే?"

ముసలామె కళ్ళు కూతుర్ని దాటి కోడలి మీదికి వచ్చాయి. అక్కడ ఆగాయి. వరండాలో నిన్న ఎవరు ఎవరితో ఏమన్నారో ఆమె వినలేదు. కానీ వాళ్ళిద్దరూ మంచానికి చెరో వైపు కూర్చున్న తీరు చూసింది.

"నేనే చెప్పొద్దన్నాను" అంది. గొట్టం అడ్డంగా ఉండి మాట గరగరలాడింది. "మగ డాక్టరుకి ఆ మాట చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాను. దాన్నేమీ అనకండి."

జీవరత్నం ముఖం మారిపోయింది. లేచి, మంచం చుట్టూ తిరిగి వచ్చి తెరేసమ్మ చెయ్యి పట్టుకుంది. "ఆ ముక్క నిన్ననే అనకూడదూ? రాత్రంతా నిన్ను మనసులో ఎన్ని తిట్టుకున్నానో తెలుసా? ఒట్టుకి కట్టుబడి నోరు మూసుకున్నావా పిచ్చిదానా" అంది. ఆమె చెయ్యి వెచ్చగా ఉంది. అంట్లు తోమి తోమి గరుకెక్కిన చెయ్యి.

గుమ్మంలో లాజరు నిట్టూర్చాడు. రెండడుగులు లోపలికి వేశాడు. "అంతేనా తెరేసూ? అమ్మ ఒట్టు వేయించుకుందా?"

తల ఊపితే చాలు. నోరు తెరవక్కర్లేదు. కారియరులో ఇడ్లీలు ఉన్నాయి, ముగ్గురూ కలిసి తింటారు. మామూలుగా ఇంటికి వెళతారు. ముసలామె ఈ అబద్ధాన్ని తనతోనే తీసుకుపోతుంది. తెరేసమ్మ అత్తగారి కళ్ళల్లోకి చూసింది. ఊపెయ్యి అంటున్నాయి ఆ కళ్ళు.

మోకాలని అన్న రోజున కూడా ఆ కళ్ళు ఇట్లాగే తనవైపు చూశాయి. తరవాత దించేసుకున్నాయి.

ఇక్కడ చెక్క జల్లెడ లేదు. ఆరు మంచాల వాళ్ళూ చూస్తున్నారు.

"లేదు" అంది. "ఒట్టేమీ వేయించుకోలేదు. డాక్టరుగారికి చెప్పమనే అడిగారు. తొడ అని చెప్పమన్నారు. బల్ల మీద జనం ఉన్నారని, కాంపౌండరు వింటాడని నాకు సిగ్గేసింది. మోకాలని మార్చింది నేను."

జీవరత్నం పట్టుకున్న చెయ్యి వెంటనే వదల్లేదు. కొంచెంసేపు అట్లాగే ఉంచింది. తరవాత వేళ్ళు ఒక్కొక్కటే సడలాయి.

పక్కమంచం మీద బాలింత పిల్లని అటువైపు తిప్పుకుంది. లాజరు కారియరు పిడి మీద ఉన్న తన వేళ్ళనే చూసుకుంటున్నాడు.

సువార్తమ్మ కళ్ళు మూసుకుంది. "ఉంటానో పోతానో తెలియని దాన్ని. ఒక్క అబద్ధం ఆడితే ఆడనివ్వలేకపోయావా అమ్మాయీ" అంది.

అప్పుడే అమలమ్మ వచ్చి, సెలైను ఉన్న వైపు చంకలో థర్మామీటరు పెట్టింది. ఇంతమంది ఉండకూడదంది. పేషెంటు దగ్గర ఒక్కరే ఉండాలి, ఎవరో తేల్చుకోండి అంది.

"నేనుంటాను. మా హోటలు సంగతి మా ఆయన చూసుకుంటాడు" అంది జీవరత్నం. మరదలి వైపు చూడకుండానే అంది. లాజరు కూడా అక్కే ఉంటుందన్నాడు. తెరేసమ్మ మంచం కింది బేసిను కడగడానికని వంగింది. కడిగి పెట్టి వెళ్ళిపోవాలనుకుంది.

"అమ్మాయీ" అంది సువార్తమ్మ.

కూతుర్నీ ఆ పిలుపే, కోడల్నీ ఆ పిలుపే. ఇద్దరూ మంచం మీదికి వంగారు. ముసలామె సెలైను లేని చేత్తో తడుముకుని తెరేసమ్మ మణికట్టు పట్టుకుంది. దుప్పటి కిందికి లాక్కుంది. పొట్ట మీద ఒకచోట ఆ చేతిని ఆనించి నొక్కి పట్టింది. అరచేతి కింద ఒళ్ళు వేడిగా ఉంది. ఆ చోటు గట్టిగా బిగుసుకుని ఉంది.

"ఇక్కడ" అంది. "ఇప్పుడే మొదలైంది. తొడలోకి దిగడం లేదు."

తెరేసమ్మ చెయ్యి తీయలేదు. తల మాత్రం తిప్పి అమలమ్మతో చెప్పింది. వార్డు మొత్తానికి వినబడేట్టు చెప్పింది.

"బొడ్డు కింద నాలుగు వేళ్ళు వదిలి, కుడివైపుకండి. గజ్జకి పైన. కుట్టు మీద కాదు, కుట్టుకి పక్కన. గట్టిగా ఉంది. తొడలోకి దిగడం లేదు. నొప్పి ఇక్కడే ఉంది."

అమలమ్మ థర్మామీటరు తీసి వెలుతురుకి ఎత్తి చూసింది. దాన్ని బల్ల మీద పెట్టి, డాక్టరు గది వైపు గబగబా నడిచింది.

లాజరు గుమ్మంలో పక్కకి తప్పుకుని ఆమెకి దారి ఇచ్చాడు. మళ్ళీ లోపలికి తిరిగాడు. తల్లి ముఖం చూశాడు, దుప్పటి చూశాడు, దుప్పటి కింద ఉన్న చెయ్యి వైపు చూశాడు. ఆ చెయ్యి ఎవరిదో వాళ్ళ ముఖం వైపు మాత్రం చూడలేదు.